వేప్, సిగరెట్టు, చుట్ట: నలుగురిలో తాగితే చట్టం ఏమంటుంది? గోదావరి జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం కోర్టు బయట టీ కొట్టు దగ్గర నిలబడితే రోజుకో కొత్త అనుమానం చెవిన పడుతుంది. ఈ మధ్య అందులో సగం వేప్ గురించే, అంటే ఈ-సిగరెట్టు గురించే. కాలేజీ కుర్రాళ్ళు, గల్ఫ్ నుంచి సెలవుకొచ్చినవాళ్ళు, ఫంక్షన్ హాలు చూసుకునేవాళ్ళు, పిల్లాడి సంచీలో రంగురంగుల పెన్నులాంటిదేదో దొరికిందని కంగారుపడే అమ్మలు అడిగినవి ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్లీడరుగా నాకు తెలిసినంతవరకు జవాబులు రాశాను. మీ మీద కేసే పెట్టి ఉంటే మాత్రం ఇది చదువుతూ కూర్చోకండి, కాగితాలు తీసుకుని దగ్గర్లో ఉన్న ప్లీడరు గారిని కలవండి.

“అది పొగ కాదండి, ఆవిరండి. ‘పొగ తాగరాదు’ అన్న బోర్డు దానికెలా వర్తిస్తుందండి?”

ఈ మాట వినకుండా నాకు వారం గడవదు. మాటవరసకి ఇందులో తప్పు కూడా లేదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, అందరూ కోట్పా అని పిలిచేది, బహిరంగ ప్రదేశాల్లో వద్దన్నది పొగాకు కాల్చి పొగ పీల్చడాన్ని. వేప్‌లో ఆకు ఉండదు, నిప్పు ఉండదు. బ్యాటరీతో ద్రవం వేడెక్కి ఆవిరి వస్తుంది. కాబట్టి గోడ మీదున్న బోర్డు నాది కాదు అని ఎవరైనా వాదించవచ్చు.

అలా వాదించి గట్టెక్కాననుకున్నవాడు పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. వేప్‌కి ఇంకో చట్టం ఉంది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. అది చోటు సంగతే ఎత్తదు, వస్తువునే నిషేధించింది. సిగరెట్టు పట్టుకున్నవాణ్ణి చట్టం “ఎక్కడ కాలుస్తున్నావు?” అని అడుగుతుంది. దానికి “మా పెరట్లో” అని చెప్పుకోవచ్చు. వేప్ పట్టుకున్నవాణ్ణి మాత్రం “అసలిది నీ దగ్గరికెలా వచ్చింది?” అని అడుగుతుంది. దీనికి ఈ దేశంలో ఒప్పుకోదగ్గ జవాబు దొరకడం కష్టం.

సిగరెట్టు ఎక్కడెక్కడ కాల్చకూడదు?

ఆసుపత్రి, బడి, కోర్టు, ప్రభుత్వ కార్యాలయం, గ్రంథాలయం, సినిమా హాలు, షాపింగ్ మాల్, పని చేసే చోటు, బస్సు, రైలు, హోటలు. జనం వచ్చిపోయే చోట్లన్నీ అనుకోండి. దీనికి బాట వేసింది సుప్రీంకోర్టు. 2001 నవంబరు 2న మురళీ దేవరా కేసులో, పొగ తాగనివాడు పక్కవాడి పొగ ఎందుకు పీల్చాలి, వాడి ప్రాణానికి రాజ్యాంగం ఇచ్చిన హామీ ఏమైంది అన్న ఆలోచన మీద నిషేధం విధించింది. చట్టం ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు నడుస్తున్న నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి, అంటే గాంధీ జయంతి నుంచి అమల్లో ఉన్నాయి.

చట్టంలో ‘ఆరుబయలు’కి మినహాయింపు ఉంది. దీన్ని పట్టుకుని చాలామంది బస్టాండులో వెలిగిస్తారు. 2008 నిబంధనలు ఆ దారి మూసేశాయి. బస్టాపు, బస్టాండు, రైల్వే స్టేషను, స్టేడియం, ఆరుబయట ప్రదర్శనశాల, ఇవేవీ ఆరుబయలు కిందకి రావు. రావులపాలెం బస్టాండులో పైకప్పు బయట నిలబడ్డాను కదా అంటే చెల్లదు.

పట్టుబడితే 200 రూపాయల వరకు జరిమానా. 2003లో రాసిన అంకె అది. అప్పటి 200 వేరు, ఇప్పటి 200 వేరు. కర్ణాటక తన వరకు వెయ్యికి పెంచుకుంది.

“పంటు మీద గోదావరి దాటేటప్పుడు ఎవరికి అడ్డమండి? గాలికి పోతుంది కదండి?”

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు, అంటే బళ్ళని కూడా దాటించే పెద్ద బల్లకట్టు, ఎక్కినవాళ్ళందరికీ ఈ దృశ్యం తెలుసు. మధ్యలో లారీ, చుట్టూ మోటారు సైకిళ్ళు, రేవు వదలగానే రెయిలింగు పట్టుకుని ఒకాయన జేబులోంచి పెట్టె తీస్తాడు. నది మధ్యలో అంతకంటే ఆరుబయలు ఏముంటుంది అని ఆయన నమ్మకం.

చట్టంలో ఉన్న మాట ‘ప్రజా రవాణా’. దానికి పైకప్పు ఉండాలనీ, నేల మీద నడవాలనీ ఎక్కడా రాయలేదు. డబ్బు తీసుకుని జనాన్ని దాటించే పంటయినా లాంచీ అయినా అందులోకి వస్తుందన్నదే నా చదువు. పైగా మోటారు సైకిళ్ళ పెట్రోలు ట్యాంకుల మధ్య నిప్పు. చట్టం పక్కన పెట్టండి, బుద్ధయినా ఒప్పుకోవాలి కదా.

రైలుకి రెండు చట్టాలు. కోట్పాకి తోడు 1989 రైల్వే చట్టం 167వ సెక్షను కూడా ఉంది. తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెప్పాక కూడా కాలిస్తే 100 రూపాయల వరకు జరిమానా. అందుకని ముందు నోరు విప్పండి, “ఏవండీ, ఆపండి” అని అనండి. ఆ మాటకి చట్టంలో విలువ ఉంది.

టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని కాల్చవచ్చా?

అందరూ కాలుస్తారు. కాబట్టి తప్పు కాదనుకుంటారు. 2008 నిబంధనల్లో ‘రెస్టారెంటు’ అన్న మాటకి ఇచ్చిన అర్థం చూస్తే ఆశ్చర్యపోతారు: డబ్బు తీసుకుని తినడానికో తాగడానికో అక్కడికక్కడే ఇచ్చే ఏ చోటైనా, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలంతో సహా. అంటే హోటలు లోపలే కాదు, బయట వేసిన బల్ల కూడా. అక్షరం అలా ఉంది. అమలు ఎలా ఉందో మీరు చూస్తూనే ఉన్నారు, నేను చెప్పక్కర్లేదు.

“మాది ఫంక్షన్ హాలండి. పెళ్ళివాళ్ళు కాలిస్తే నన్నెందుకు పట్టుకుంటారండి?”

ఎందుకంటే నిబంధనలు ఆ బాధ్యత మీ మీదే పెట్టాయి. విందులు జరిగే హాళ్ళని పేరు పెట్టి మరీ ‘రెస్టారెంటు’ అర్థంలో చేర్చారు. ప్రవేశ ద్వారం దగ్గర కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు ఉండాలి. అంతస్తులుంటే ప్రతి అంతస్తులోనూ ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ పేరు రాసి ఉండాలి. యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటరు మీరు పెట్టకూడదు. తాంబూలం పళ్ళెంలో సిగరెట్లు, పక్కన అగ్గిపెట్టె సర్దే మర్యాద మన వైపు ఇంకా ఉంది చూశారా, అది సరిగ్గా ఇక్కడే దొరికిపోతుంది.

ఎవరైనా ఫిర్యాదు చేశాక మీరు ఊరుకుంటే, అక్కడ ఎంతమంది కాలిస్తే అన్ని జరిమానాలకి సమానమైన మొత్తం మీ మీద పడుతుంది. పది మందైతే రెండు వేలు. మగపెళ్ళివారిని వద్దనడం ఎంత కష్టమో నాకూ తెలుసు. బోర్డు వైపు చెయ్యి చూపించి “నాదేం లేదండి, రూలండి” అంటే కొంత మొహమాటం తప్పుతుంది.

కనీసం 30 మంది కూర్చునే రెస్టారెంటుకో, కనీసం 30 గదులున్న లాడ్జికో విడిగా పొగ గది పెట్టుకునే వెసులుబాటు ఉంది. అది ఊరికే తడిక కట్టిన మూల కాదు. నాలుగు వైపులా పూర్తి గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, గాలి నేరుగా బయటికి తోసే ఏర్పాటు కావాలి. 2017 నుంచి ఆ గదిలో తిండి, కాఫీ, హుక్కా ఏదీ అందించకూడదు.

ఆ పొగ గదిలో వేప్ పీల్చుకోవచ్చా?

లేదు. పొగ గది సిగరెట్టుకి ఇచ్చిన మినహాయింపు. నిషేధించిన వస్తువుని ఏ గదిలో పెట్టినా నిషేధించినదే.

“మా తాత చుట్ట తాగుతాడు. చుట్టక్కూడా ఈ గొడవలున్నాయా?”

ఉన్నాయి. కోట్పా అనుబంధంలో సిగరెట్టు, బీడీ, చుట్ట, హుక్కా పొగాకు, నమిలే పొగాకు, నశ్యం, చివరికి పొగాకు కలిపిన పళ్ళపొడి కూడా ఉంది. ‘పొగ తాగడం’ అన్నదానికిచ్చిన అర్థంలో ఏ రూపంలో కాల్చినా, దేంట్లో చుట్టి కాల్చినా అన్నారు. కాబట్టి కొన్న చుట్టా, ఇంట్లో చుట్టుకున్న చుట్టా ఒకటే.

చుట్ట మన నేలకి పరాయిది కాదు. గోదావరి వరద తీశాక లంకల్లో మేట వేసిన ఒండ్రు మీద పండే లంక పొగాకు చుట్టలకే పేరుపడింది. ఘాటు ఎక్కువ, ఆకు మందం. తాత అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగిస్తే అది ఆయన ఇల్లు, కోట్పాకి సంబంధం లేదు. అదే తాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో వరసలో కూర్చుని వెలిగిస్తే నేరం. ఆయనకి తేడా తెలియకపోవచ్చు. చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పండి. ఆయన వయసులో సగం కాలం ఆసుపత్రి వరండాల్లో కూడా అందరూ కాల్చినవాళ్ళే.

చుట్టకి చట్టం చోటు మాత్రమే కుదించింది. పండించడం, చుట్టడం, అమ్మడం అన్నీ నడుస్తున్నాయి. వేప్‌కి ఇవేవీ లేవు.

వేప్ మీద నిషేధం సరిగ్గా వేటి మీద?

2019 చట్టం పేరులోనే జాబితా ఉంది: ఉత్పత్తి, తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన. మొత్తం పరికరమే కాదు, విడిభాగాలు కూడా. అంటే పాడ్ (ద్రవం ఉండే చిన్న డబ్బా) ఒక్కటే అమ్మానంటే తప్పించుకోలేరు.

శిక్షలు చూస్తే తేడా తెలుస్తుంది. అమ్మినా, తెప్పించినా, మోసినా, ప్రకటన ఇచ్చినా మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. సరుకు దాచడానికి చోటు ఇచ్చినవాడికి ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఎస్సై స్థాయి నుంచి పైవాళ్ళు వారంటు లేకుండానే సోదా చెయ్యొచ్చు.

కిళ్ళీ కొట్టులో సిగరెట్టు పెట్టెల పక్కన రెండు వేప్‌లు పెట్టుకున్నవాడు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. బడికి 100 గజాల లోపు సిగరెట్టు అమ్మితే 200 రూపాయలు. అదే బల్ల మీద వేప్ అమ్మితే లక్ష, జైలు.

రీల్స్ చేసేవాళ్ళకి విడిగా ఒక మాట. “కావాలంటే మెసేజ్ చెయ్యండి” అని వేప్ పట్టుకుని వీడియో పెడితే అది ప్రకటన. కొట్టు పెట్టినవాడికీ మీకూ ఒకటే సెక్షను.

“నాదాంట్లో నికోటిన్ లేదండి, ఉత్త పుదీనా ఫ్లేవరు.”

నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఫ్లేవరు ఉన్నా లేకపోయినా అని చట్టం ముందే రాసేసింది. ఈ-హుక్కా, కాల్చకుండా పొగాకుని వేడి చేసే పరికరాలు కూడా అందులోనే ఉన్నాయి. పేరేదైనా, ఆకారం ఏదైనా అని కూడా అన్నారు కాబట్టి పెన్నులా ఉన్నా, పెన్‌డ్రైవ్‌లా ఉన్నా ఒకటే. మందుల చట్టం కింద లైసెన్సు ఉన్నవి మాత్రం దీని బయట.

అమ్మడం సరే, పీల్చడం నేరమా? జేబులో ఉంటే?

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇద్దరు ప్లీడర్లని అడిగితే మూడు జవాబులొచ్చే చోటు ఇదే.

పైన చెప్పిన జాబితా మళ్ళీ చదవండి. అందులో ‘వాడకం’ అన్న మాట లేదు. పీల్చినవాడికి ఇంత శిక్ష అని విడిగా సెక్షను లేదు. అందుకే “వాడటం తప్పు కాదు, అమ్మడమే తప్పు” అన్న మాట పుట్టింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో దీనికి బదులిచ్చింది. ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఏ విధంగా దగ్గర పెట్టుకున్నా అది చట్టాన్ని ఉల్లంఘించడమేనని స్పష్టం చేసింది.

శాఖ చెప్పిన వివరణా, చట్టంలోని అక్షరమూ ఒకటి కావు, కోర్టులో దాని మీద వాదించడానికి చోటుంది. కానీ మీరు ఆ వాదన చేసేది కోర్టులో, దానికి ముందు స్టేషనులో కొన్ని గంటలు గడుస్తాయి. జేబులో పెట్టుకుని కాకినాడ నుంచి భీమవరం బస్సెక్కితే అది ‘రవాణా’ కాదా అని ఎస్సై గారు అడిగితే, ఆ మాట కొట్టిపారేసేది కాదు. స్నేహితుడికి ఒకటిస్తే అది ‘పంపిణీ’. నాలుగు డబ్బాలు హాస్టలు గదిలో ఉంటే ‘నిల్వ’. ఒక్కటే ఉంది, నేనే వాడుకుంటాను అన్న సన్నని గట్టు మీద ఎంత దూరం నడుస్తారో మీ ఇష్టం.

“యానాంలో కొంటేనండి?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. గోదావరి జిల్లాల్లో ఏ నిషేధం గురించి మాట్లాడినా సంభాషణ చివరికి యానాం చేరుతుంది. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి మందు ధరలు, పన్నులు వేరు. కానీ కోట్పా, 2019 చట్టం రెండూ పార్లమెంటు చేసినవి. కాకినాడలో ఏది నేరమో యానాంలోనూ అదే నేరం.

“మా బావ దుబాయ్ నుంచి వస్తూ రెండు తెస్తానంటున్నాడు. అక్కడ కొట్లో బిల్లిచ్చి అమ్ముతారు కదండి?”

యూఏఈలో 2019 నుంచి అమ్మకానికి అనుమతి ఉంది, నిజమే. ఆ బిల్లు హైదరాబాదు విమానాశ్రయంలో పనికిరాదు. దిగుమతి మీద 2019 సెప్టెంబరులోనే విదేశీ వాణిజ్య విభాగం నిషేధం పెట్టింది, చట్టంలోనూ ఉంది. రెండే కదా అన్న మినహాయింపు ఎక్కడా లేదు.

కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్ళున్నాయి కాబట్టి ఇంకో మాట. అన్ని గల్ఫ్ దేశాలూ ఒకటి కావు. ఖతర్‌లో ఈ-సిగరెట్లు నిషేధం. దుబాయ్ నుంచి దోహా వెళ్ళేవాడు సంచీ ఒకసారి చూసుకోవాలి. సింగపూర్ ఇంకా కటువు. 2018 ఫిబ్రవరి నుంచి అక్కడ కొనడం, వాడడం, దగ్గర ఉంచుకోవడం మూడూ నేరమే. ఇక్కడ మనం ‘వాడకం అన్న మాట ఉందా లేదా’ అని కొట్టుకుంటున్న సందేహం వాళ్ళు రాసేటప్పుడే తీర్చేశారు.

మిగతా దేశాల్లో ఎలా ఉంది?

ఇంగ్లండు కథ మనకి సరిగ్గా తలకిందులు. 2007 జులై 1 నుంచి అక్కడ మూసిన బహిరంగ ప్రదేశాల్లో సిగరెట్టు నిషేధం. ఆ చట్టం వేప్‌ని పట్టించుకోలేదు, హోటలు యజమాని ఒప్పుకుంటే సరే, వద్దంటే వద్దు. పైగా సిగరెట్టు మానడానికి వేప్‌కి మారమని అక్కడి ఆరోగ్య సేవలే పెద్దవాళ్ళకి చెబుతాయి. అయినా పిల్లలు ఎగబడుతున్నారని, చెత్త పెరుగుతోందని ఒకసారి వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి ఆపేశారు.

ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి మందుల షాపుల్లో మాత్రమే దొరుకుతుంది. అమెరికాలో 21 ఏళ్ళు నిండాలి, నలుగురిలో వాడటం మీద ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. చదువుకి వెళ్ళిన మన పిల్లలు అక్కడ అలవాటు చేసుకుని సంక్రాంతికి ఇక్కడికొచ్చి, కోడి పందేల బరి దగ్గర మామూలుగా తీసి పీలుస్తారు. అక్కడ వాళ్ళది తప్పు కాకపోవచ్చు. ఇక్కడ చుట్టూ ఉన్న సిగరెట్టు రాయుళ్ళందరికంటే చట్టం దృష్టిలో పెద్ద చిక్కులో ఉన్నది ఆ కుర్రాడే.

సిగరెట్టు అమ్మనిచ్చి వేప్ ఆపడం ఏం న్యాయమండి?

కోర్టులో ఎవరూ అడగరు గానీ టీ కొట్టు దగ్గర అందరూ అడిగేది ఇదే.

ప్రభుత్వం చెప్పిన కారణం: సిగరెట్టు ముట్టని పిల్లలు ఫ్లేవర్ల మోజులో నికోటిన్‌కి అలవాటుపడతారు, పాత వ్యసనం ఉండగానే కొత్తది ఎందుకు. 2019 మేలో భారత వైద్య పరిశోధన మండలి కూడా పూర్తి నిషేధమే మేలంది. ఎదుటి పక్షం వాదన: ప్రాణం తీసేది ప్రధానంగా కాలిన పొగ. అది కొట్లో దొరుకుతుంటే, కాలనిదాన్ని ఆపి ఏం సాధించారు?

ఇంకో సంగతి మన జిల్లాలవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. పొగాకు మీద బతుకులున్నాయి. మెట్టలో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వేలం కేంద్రాలకి వర్జీనియా ఆకు వెళ్తుంది. దిగువన లంకల్లో చుట్ట పొగాకు. రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. ఇన్నేళ్ళుగా వేళ్ళూనుకున్న పంటని ఒక ఆర్డినెన్సుతో పీకలేరు. వేప్‌కి ఇక్కడ రైతు లేడు, వేలం కేంద్రం లేదు, ఓటు లేదు. కొత్తగా వచ్చినదాన్ని గుమ్మం దగ్గరే ఆపడం తేలిక, అంతే. పిల్లల విషయంలో నిషేధం మంచిదేనని నా అభిప్రాయం. కానీ పక్కవాడి ముక్కులోకి పొగ ఊదినందుకు 200, ఎవరికీ తెలియకుండా రెండు వేప్‌లు తెచ్చినందుకు లక్ష అన్న తూకం మాత్రం నాకు మింగుడుపడదు.

“మా అబ్బాయి సంచీలో దొరికింది. పోలీసులకి చెప్పాలా?”

ముందు వాణ్ణి కూర్చోబెట్టి ఎక్కడిదని అడగండి, తమ్ముడి ముందూ చుట్టాల ముందూ కాదు. అమ్మినవాడే అసలు నేరస్థుడు. పద్దెనిమిది నిండనివాళ్ళకి పొగాకు ఉత్పత్తి ఇచ్చినా ఇప్పించినా 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షను కింద ఏడేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. వేప్ అమ్మినందుకు 2019 చట్టం ఎలాగూ ఉంది. బడి దగ్గరి కొట్టు అని తేలితే హెడ్మాస్టరు గారితో కలిసి స్టేషనుకి వెళ్ళండి. ఒక్కరే వెళ్తే పిల్లాడి పేరు బయటపడుతుందేమోనన్న భయం ఉంటుంది కదా, పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్తే అది ఉండదు.

సిగరెట్టు మీద ఫిర్యాదు ఎవరికి?

పోలీసులకే అనుకుంటారు. జరిమానా రాసే అధికారం స్టేషను మాస్టరుకి రైల్వే స్టేషనులో, హెడ్మాస్టరుకి బడిలో, పోస్టుమాస్టరుకి పోస్టాఫీసులో, లైబ్రేరియనుకి గ్రంథాలయంలో, ఆసుపత్రిలో సూపరింటెండెంటుకి ఉంది. చాలామందికి తమకా అధికారం ఉందనే తెలియదు. ఒక గ్రంథాలయంలో ఈ సంగతి చెబితే ఆయన నవ్వి “రసీదు పుస్తకం ఎవరిస్తారండి?” అన్నారు. మంచి ప్రశ్న.

మానాలనుకుంటే? ఇంట్లో ఉన్న వేప్ ఏం చెయ్యాలి?

సిగరెట్టు పెట్టె మీద అచ్చేసి ఉండే 1800-11-2356 ఉచిత నంబరుకి ఫోన్ చెయ్యండి, వేప్ మానాలన్నా మొహమాటపడక్కర్లేదు. నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి మందుల షాపులో దొరుకుతాయి, డాక్టరుని అడిగి వాడండి.

ఇక చేతిలో ఉన్నది ఇంకొకరికి అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి, రెండూ నేరమే. పంట కాలవలో మాత్రం విసరకండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, ద్రవంలో నికోటిన్ ఉంటుంది, దిగువన ఎవరిదో చేపల చెరువు ఉంటుంది.